ఆరోగ్య కేంద్రం వేళలు పొడిగిస్తే, ఇప్పటిదాకా వైద్యం అందని ఆడవాళ్ళకు అందుతుందా?

కుట్టుమిషను (చర్చ ప్రారంభించినవారు):
ఆరోగ్య కేంద్రం ఉదయం తొమ్మిదికి తెరుస్తారు, సాయంత్రం నాలుగుకో అయిదుకో మూసేస్తారు. ఓపీ చీటీలు మధ్యాహ్నం పన్నెండు దాటితే రాయరు. కుట్టు పనిలో, ఇళ్ళ పనిలో, కట్టుబడి పనిలో ఉన్న ఆడవాళ్ళు పనిలో ఉండే గంటలు కూడా సరిగ్గా అవే. జీతంతో సెలవు అన్నదే లేని మనిషికి ఉచిత వైద్యం ఖరీదు ఒక రోజు కూలి, ఒక్కోసారి ఆ పనే పోవడం. గర్భిణులకు కనీసం 8 సార్లు వైద్య పరీక్ష జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. అంతకుముందు 4 సార్లు చాలన్నది. పెంచడం మంచిదే, కానీ ఆ 8 సార్లూ పని మానుకుని రావలసిందెవరో కూడా ఆలోచించాలి కదా. మొదటి పరీక్ష పన్నెండు వారాల లోపలే జరగాలంటారు. నాలుగో నెలలో వచ్చిన మనిషిని ఇన్నాళ్ళూ ఏం చేశావని కోప్పడేవాళ్ళున్నారు గానీ, ఆ వారాల్లో ఆమెకు ఏ పూట ఖాళీ దొరికిందో అడిగినవాళ్ళను నేను చూడలేదు.

వారానికి రెండు రోజులు రాత్రి ఎనిమిది దాకా, సెలవు రోజున ఒక పూట కేంద్రం తెరిచి ఉంచాలన్నది నా ప్రతిపాదన. దీన్ని వద్దనేవాళ్ళు కారణం చెప్పండి.

పాత స్టాఫ్‌నర్సు:
వద్దనడానికి కాదు, ఎలా నడుస్తుందో అడగడానికి రాస్తున్నాను. సాయంత్రం ఆరింటికి ఒక గర్భిణి వచ్చిందనుకుందాం. నేను ఆమె బీపీ చూడగలను, బరువు చూడగలను, మూత్రంలో ప్రొటీను ఉందేమో స్ట్రిప్పు ముంచి చెప్పగలను, వేలి చుక్కతో హిమోగ్లోబిన్ చూడగలను. పరగడుపు షుగరు మాత్రం చూడలేను, ఎందుకంటే కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా సాయంత్రం దాకా ఉండమని ఏ గర్భిణికీ చెప్పను. మిగతా పరీక్షలకు రక్తం తీసి పెడదామంటే, నమూనాలు తీసుకెళ్ళే బండి మధ్యాహ్నమే వెళ్ళిపోతుంది. కణాలను వేరు చేయకుండా అట్టేపెట్టిన రక్తంలో గ్లూకోజు గంట గంటకూ తగ్గిపోతుంది, మర్నాడు వచ్చే ఫలితానికి విలువ ఉండదు. ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు లేని కేంద్రం రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంటే, ఆ తల్లి అక్కడ చీటీ రాయించుకుని మళ్ళీ పొద్దున్నే రావాలి. ఒక రోజు కూలి పోతుందన్న బాధ తీర్చబోయి రెండు పూటలు తిప్పినవాళ్ళమవుతాం.

బస్సుదారి:
రాత్రి ఎనిమిదికి చూపించుకుని బయటికొచ్చాక ఇంటికి చేర్చే బస్సు ఉందో లేదో ముందు చూడండి.

కుట్టుమిషను:
నర్సు గారూ, షుగరు ఒక్కటే కారణమైతే దానికి దారి ఉంది. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకు పరగడుపుతో పని లేదు, ఏ వేళనైనా చేయవచ్చు. గర్భిణులకు బీపీ పెరిగి ఫిట్స్ తెచ్చే గుర్రపువాతం ముప్పు ఇరవై వారాల తరువాత మొదలవుతుంది. దాన్ని పట్టుకోవడానికి కావలసింది బీపీ, మూత్రంలో ప్రొటీను. ఆ రెండూ సాయంత్రం చూడగలనని మీరే చెప్పారు. చేయగలిగినవి నాలుగున్నాయి, చేయలేనిది ఒకటుంది. ఆ ఒక్కదాని కోసం తలుపు మూసి ఉంచుదామా?

పాత స్టాఫ్‌నర్సు:
హెచ్‌బీఏ1సీ గర్భిణుల్లో వచ్చే షుగరును కనిపెట్టడానికి సరిపోదు. గర్భంతో ఉన్నప్పుడు ఎర్ర రక్తకణాల ఆయుష్షు మారుతుంది, రక్తహీనత ఉంటే ఆ అంకె ఇంకా తప్పుదారి పట్టిస్తుంది, మనం మాట్లాడుకుంటున్న ఆడవాళ్ళలోనేమో రక్తహీనతే ఎక్కువ. అంకె బాగుందని నేను ఇంటికి పంపితే, తరువాత బిడ్డ బరువు పెరిగి కాన్పు కష్టమైతే, జవాబు చెప్పవలసింది నేను. తెలిసీ తెలియని పరీక్ష పేరు చెప్పి దీన్ని తేలిక చేయకండి.

కుట్టుమిషను:
నేను తేలిక చేయడం లేదు. అన్ని పరీక్షలూ ఒకే పూట జరగాలన్న నియమం ఎక్కడిది? షుగరు పరీక్షకు ఒక పొద్దున సెలవు పెట్టమనండి, పెడతాం. మిగతా ఏడుసార్లూ సాయంత్రం రానివ్వండి.

లెక్కల మనిషి:
ఈ ప్రశ్నకు వేరే చోట్ల ఏం జవాబు దొరికిందో చూడటం మంచిది. ఇంగ్లండులో గ్రేటర్ మాంచెస్టర్ ప్రాంతంలో కొన్ని ప్రాథమిక వైద్య కేంద్రాలకు అదనపు నిధులిచ్చి సాయంత్రాలూ వారాంతాలూ తెరిపించారు. దానిమీద 2016లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. చిన్న చిన్న సమస్యలకు తమంతట తామే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళేవాళ్ళ రాక 26.4 శాతం తగ్గింది. ఎమర్జెన్సీకి వచ్చేవాళ్ళ మొత్తం సంఖ్యలో మాత్రం గట్టిగా చెప్పగలిగినంత తగ్గుదల కనిపించలేదు, పెట్టిన ఖర్చేమో అక్కడ మిగిలిన దానికంటే బాగా ఎక్కువ. వేళలు పెంచితే కొంత ఫలితం ఉంటుంది, కానీ అది తన ఖర్చు తానే రాబట్టుకుంటుందని ఆశపడకూడదు.

ఇంకో మాట. వేల్స్‌లో గని కార్మికుల మధ్య వైద్యం చేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో లాన్సెట్ పత్రికలో ఒక సూత్రం రాశారు: మంచి వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే తక్కువగా దొరుకుతుంది. ఎవరి కోసమన్నది రాసిపెట్టకుండా సాయంత్రం ఓపీ తెరిస్తే, ఫోన్‌లో ముందే సమయం తీసుకోగలిగినవాళ్ళు, ఆఫీసు నుంచి సొంత బండిమీద వచ్చేవాళ్ళు ఆ వరస నింపేస్తారు. కుట్టుమిషను గారు ఎవరి కోసం అడుగుతున్నారో వాళ్ళు అక్కడ కూడా వెనకే నిలబడతారు.

కుట్టుమిషను:
మాంచెస్టర్‌లో వాళ్ళు కొలిచింది ఆసుపత్రి రద్దీ. కేంద్రానికి అంతకుముందెన్నడూ రాని మనిషి వచ్చిందా అన్నది వేరే కొలత. రద్దీ తగ్గితేనే మాకు వైద్యమిస్తామంటే, మా రోగం విలువ ఇంకొకరి సౌకర్యంతో తూచినట్టు. వరస సంగతి మాత్రం మీరన్నది నిజం. సాయంత్రం చీటీల్లో సగమైనా ముందస్తు నమోదు లేకుండా నేరుగా వచ్చినవాళ్ళకు ఉంచాలని ప్రతిపాదనలో చేరుస్తాను.

కొత్త సభ్యురాలు:
రోగులు ఆడవాళ్ళయినప్పుడు సాయంత్రం పూట లేడీ డాక్టరే ఉండాలని కూడా రాయండి.

పాత స్టాఫ్‌నర్సు:
ఇదిగో, అసలు చోటికి వచ్చాం. లేడీ డాక్టరు ఉండాలి, నర్సు ఉండాలి, ఆయమ్మ ఉండాలి. ఆరోగ్య, సామాజిక సేవా రంగాల్లో పనిచేసేవాళ్ళలో దాదాపు 70 శాతం ఆడవాళ్ళేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదిక చెబుతోంది. కుట్టుమిషను గారు అడుగుతున్న ఆ సాయంత్రాలు ఎవరి జీవితంలోంచి తీసి ఇస్తారు? ఇదివరకు నేను పనిచేసిన చోట ఇలాగే వేళలు పొడిగిస్తూ ఆర్డరు వచ్చింది. ఒక్క పోస్టు పెరగలేదు. పొద్దున ఓపీ చూసినవాళ్ళమే సాయంత్రం దాకా ఉండాలన్నారు, ఆ గంటలకు బదులు సెలవు ఇస్తామన్నారు, ఎన్నడూ ఇవ్వలేదు. చీకటిలో ఒంటరిగా కేంద్రానికి తాళం వేసుకుని వస్తుంటే ఎవడో వెంటపడ్డాడని మా తోటి నర్సు ఫిర్యాదు చేసింది. రిజిస్టరులో సంతకం లేకుండా ముందే వెళ్ళిపోతున్నావేమోనని తిరిగి ఆమెనే సంజాయిషీ అడిగారు. నాకు ఆ రోజుల్లో ఒంట్లో బాగుండేది కాదు. వరసగా వచ్చేవాళ్ళందరికీ బీపీ చూసి రాసే నేను, నా బీపీ చూపించుకోవడానికి తీరిక దొరకక చివరికి అదే గదిలో కళ్ళు తిరిగి పడిపోయాను. ఆడవాళ్ళ ఆరోగ్యం కోసం మాట్లాడేటప్పుడు మమ్మల్ని ఆ లెక్కలోంచి తీసేస్తారెందుకు?

కుట్టుమిషను:
మీరు పడిన కష్టానికి నిజంగా బాధగా ఉంది. కానీ అది మీ పైఅధికారులతో తేల్చుకోవలసిన తగవు, మాతో కాదు. నా సంగతి కూడా చెబుతాను. నెలసరి ఆగకుండా రక్తం పోతుంటే, మధ్యాహ్నం అన్నం విరామంలో పని దగ్గర బతిమాలుకుని కేంద్రానికి పరిగెత్తాను. చీటీల వేళ అయిపోయిందన్నారు. డాక్టరమ్మ లోపల కూర్చునే ఉన్నారు, తలుపు సందులోంచి కనిపిస్తూనే ఉన్నారు. ఎదురుగా ఉన్న నర్సు నా ముఖమైనా చూడకుండా రిజిస్టరు మూసి, రేపు పొద్దున్నే రమ్మంది. మర్నాడు వెళ్ళలేకపోయాను, ఆ తరువాత చాలా రోజులు కూడా వెళ్ళలేదు. చివరికి రక్తం ఎక్కించవలసి వచ్చింది. పోస్టులు పెరిగేదాకా ఆగమని మీరంటున్నారు. మా ఒంట్లో రక్తం పోస్టుల కోసం ఆగదు.

పాత స్టాఫ్‌నర్సు:
ఆ నర్సు చేసింది తప్పే. అలా రక్తం పోతున్న మనిషిని వేళ చూసి పంపించకూడదని మాకు చదువులోనే చెబుతారు. అయితే ఆ తప్పుకూ వేళల పొడిగింపుకూ సంబంధమేమిటి? రాత్రి ఎనిమిది దాకా తెరిచినా, ఎనిమిదీ అయిదుకు వచ్చినవాళ్ళకు అదే జవాబు చెప్పే మనిషి అక్కడ ఉంటే ఏం చేస్తారు?

కుట్టుమిషను:
సంబంధం ఉంది. మీలాంటివాళ్ళకు నెల తిరిగేసరికి జీతం పడుతుంది, సెలవు పెడితే కోత పడదు. అందుకే మేము ఒక గంట అడిగితే మీకు అది బరువుగా కనిపిస్తుంది.

పాత స్టాఫ్‌నర్సు:
నెల తిరిగేసరికి జీతం పడే ఉద్యోగమని ఎవరు చెప్పారు మీకు? నేను కాంట్రాక్టు మీద పనిచేశాను, ఏటా చివర్లో కొనసాగిస్తారో లేదోనని ఎదురుచూశాను, ప్రసూతి సెలవు తీసుకుంటే మళ్ళీ తీసుకోరని భయపడి పచ్చి బాలింతగా డ్యూటీకి వచ్చాను. మీకు మా తెల్ల బట్టలే కనిపిస్తాయి.

చర్చ నిర్వాహకులు:
ఇద్దరికీ మనవి. ఎవరు ఎక్కువ కష్టపడ్డారన్నది ఇక్కడ తేల్చే ప్రశ్న కాదు. విషయం మీదే రాయండి.

కుట్టుమిషను:
సరే. పోస్టులు పెరగవంటే పొడిగింపు మాట వదిలేస్తాను, మార్పు అడుగుతాను. ఆ రెండు రోజుల్లో ఉదయం తొమ్మిదికి బదులు మధ్యాహ్నం పన్నెండుకు తెరవండి, రాత్రి ఎనిమిదికి మూయండి. సిబ్బంది పని గంటలు ఒక్కటి కూడా పెరగవు. ఇప్పుడు మీ అభ్యంతరం ఏమిటి?

గడపలోపల:
ఈ చర్చ మొదటినుంచీ చదువుతున్నాను. ఈ మార్పు నాకు వద్దు. ఎందుకో చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

నేను మూడు నెలలకొకసారి గర్భం రాకుండా ఇంజెక్షన్ వేయించుకుంటాను. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఏమవుతుందో ఇక్కడ రాయను. మా ఆయన పనికి వెళ్ళాక, పిల్లలు బడికి వెళ్ళాక నాకు పొద్దున ఒక గంట దొరుకుతుంది. ఆ గంటలో వెళ్ళి వచ్చేస్తాను, ఏదో సామాను కోసం వెళ్ళానని చెబుతాను. సాయంత్రం ఆరు తరువాత ఇల్లంతా ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు గడప దాటాలంటే ఎక్కడికి, ఎందుకు, ఎవరితో అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఉదయం ఓపీ తీసేసిన రోజునే నా తేదీ పడితే నేను వెళ్ళలేను. కుట్టుమిషను గారికి పనిచోటు అడ్డం, నాకు ఇల్లు అడ్డం. ఆవిడ అడుగుతున్న వేళ సరిగ్గా నాకు తలుపు మూసుకునే వేళ.

పాత స్టాఫ్‌నర్సు:
నేను చెప్పదలచుకున్నది ఇదే. వేళలు కదిలిస్తే ఇప్పుడు వస్తున్నవాళ్ళు జారిపోతారు. అందుకే ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం మేలు.

గడపలోపల:
నర్సు గారూ, దయచేసి నన్ను మీ వైపు సాక్షిగా నిలబెట్టకండి. ఉన్నది ఉన్నట్టు ఉండాలని నేను అనలేదు. మా వదిన ఇళ్ళలో పనిచేస్తుంది, ఆమెకు పొద్దున పూట ఎన్నడూ కుదరదు. నా గంట తీసి ఆమెకు ఇవ్వవద్దంటున్నాను, ఆమెకు ఇవ్వవద్దనడం లేదు.

కుట్టుమిషను:
గడపలోపల గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ ఉదయాన్ని తీసుకుని నా సాయంత్రం తెచ్చుకోవాలని నాకు లేదు. అయితే ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆ ఇంజెక్షన్‌లో చర్మం కిందికి ఎక్కించే రకం ఒకటి ఉంది, నేర్పిస్తే ఎవరికి వారే వేసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని సిఫారసు చేసింది. అది మీకు దొరికితే కేంద్రానికి ఇన్నిసార్లు రావలసిన పని ఉండదు కదా?

గడపలోపల:
అది నేనూ విన్నాను. ఇంట్లో దాన్ని ఎక్కడ దాచను? నా పెట్టె కూడా అందరూ తెరిచే పెట్టె. కేంద్రంలో వేయించుకుంటే నా దగ్గర ఏ గుర్తూ మిగలదు, అందుకే అక్కడికి వెళతాను. కొందరికి ఇంటికి పంపే వైద్యం మేలు, నాకు ఇంటికి రాని వైద్యమే మేలు.

లెక్కల మనిషి:
ఇప్పుడు ఒక సంగతి తేటపడింది. ఇంతవరకూ మనం ‘వైద్యం అందని ఆడవాళ్ళు’ అంటూ ఒకే గుంపు గురించి మాట్లాడినట్టు వాదించుకున్నాం. పని వల్ల రాలేనివాళ్ళకు సాయంత్రం కావాలి, ఇంటి వల్ల రాలేనివాళ్ళకు పగలు కావాలి, ఇద్దరికీ ఒకే సిబ్బంది. కాబట్టి కొత్త పోస్టులు లేకుండా వేళలు మార్చే ఏ ప్రతిపాదన అయినా ఒకరి దగ్గర తీసి ఇంకొకరికి ఇవ్వడమే అవుతుంది.

అయితే కేంద్రంలో చేసే పనులన్నింటికీ మనిషి రావడం తప్పనిసరి కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ ఉందేమో చూసే హెచ్‌పీవీ పరీక్ష నమూనాను ఆడవాళ్ళు తామే తీసి ఇవ్వవచ్చు, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఒప్పుకుంది. 2030 నాటికి 70 శాతం ఆడవాళ్ళకు 35 ఏళ్ళ లోపు ఒకసారి, 45 లోపు మరోసారి ఆ పరీక్ష జరగాలన్న లక్ష్యం డాక్టరు గదిలో బల్లమీద పడుకోబెట్టి పరీక్షించడం ద్వారానే నెరవేరదు. బీపీ మందులు నిలకడగా వాడుతున్నవాళ్ళకు ఒకేసారి మూడు నెలలకు ఇచ్చేయవచ్చు. ఇలా పగటి వరస కొంత తగ్గిస్తే, ఆ తగ్గినంత మేర సిబ్బందిని సాయంత్రానికి కదిలించవచ్చు, ఉదయం తలుపు మూయకుండానే.

పాత స్టాఫ్‌నర్సు:
కాగితం మీద తగ్గుతుంది. మూడు నెలల మందులు ఇవ్వాలంటే ముందు మూడు నెలల మందులు స్టోరులో ఉండాలి. అయినా ఆ దారిని నేను కాదనను. సెలవు రోజున ఒక పూట తెరవడం మీద కూడా నాకు మొదటినుంచీ అంత పట్టింపు లేదు. అత్యాచారం జరిగి వచ్చిన మనిషికి హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు 72 గంటల లోపల మొదలుపెట్టాలి, అత్యవసర గర్భనిరోధక మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. శుక్రవారం రాత్రి జరిగినదానికి సోమవారం ఉదయం దాకా తలుపు మూసి ఉంటే ఆ 72 గంటల్లో ఎక్కువ భాగం తాళం ముందే గడిచిపోతుంది. దీనికి నేను సంతకం పెడతాను.

సాయంత్రాలకు మాత్రం నా షరతు ఇది: అదనపు గంటలకు అదనపు మనిషి, లేదా అదనపు జీతం అని ఆర్డరులోనే ఉండాలి. ఇద్దరికి తక్కువ కాకుండా సిబ్బంది కలిసి తాళం వేయాలి. ఇవి లేకపోతే నేను వ్యతిరేకిస్తాను, మీరు నన్నేమన్నా సరే.

కుట్టుమిషను:
ఆ రెండు షరతులూ ప్రతిపాదనలో చేరుస్తాను. ఉదయం ఓపీ ఏ రోజూ మూయరాదని కూడా రాస్తాను. నేను కూడా ఒకటి అడుగుతున్నాను. ఇలాంటి ఏర్పాటు చేసినప్పుడల్లా మూడు నెలలు చూసి, వచ్చినవాళ్ళు తక్కువని చెప్పి ఎత్తేస్తారు. ఏళ్ళ తరబడి తలుపు మూసి ఉండటం అలవాటైన ఆడవాళ్ళకు అది తెరిచారన్న కబురు చేరడానికే అంతకాలం పడుతుంది. వచ్చినవాళ్ళ తలలు లెక్కపెట్టి మూసే అధికారం ఎవరికీ ఉండకూడదు. అంతకుముందెప్పుడూ కేంద్రం రిజిస్టరులో పేరు లేనివాళ్ళు ఎంతమంది వచ్చారన్నదే కొలత కావాలి.

పాత స్టాఫ్‌నర్సు:
దానికి నేను ఒప్పుకోలేను. ఒక సాయంత్రమంతా ఇద్దరమే ఖాళీగా కూర్చుని, మర్నాడు పొద్దున అదే కేంద్రంలో ఒక్క నర్సు మీద వందల మంది పడితే, ఆ సాయంత్రాన్ని కొనసాగించమని ఏ మనస్సాక్షితో అడుగుతారు? ఎప్పుడో ఒకప్పుడు తలలు లెక్కపెట్టక తప్పదు.

కుట్టుమిషను:
లెక్కపెట్టండి. మూడు నెలలకు మాత్రం కాదు, ఏడాదికి. ఆ లెక్క తీసే సమావేశంలో మీతోపాటు కూలి పని చేసే ఆడవాళ్ళు కూడా కూర్చోవాలి.

పాత స్టాఫ్‌నర్సు:
ఏడాది ఎక్కువ. ఆరు నెలలంటే ఆలోచిస్తాను. సమావేశం మాత్రం పగలు పెడితే వాళ్ళు రాలేరు, రాత్రి పెడితే గడపలోపల గారిలాంటివాళ్ళు రాలేరు. దానికేం చేస్తారో చెప్పండి.

గడపలోపల:
నన్ను ఏ సమావేశానికీ పిలవకండి, పేరు బయటపడుతుంది. ఇంజెక్షన్ వేసే సిస్టరు నన్ను అడిగితే ఆమెకు చెబుతాను. నాలాంటివాళ్ళ మాట ఆమె ద్వారానే రావాలి, కాబట్టి ఆ సమావేశంలో ఆమె కుర్చీ ఖాళీగా ఉండకుండా చూడండి.